మూరకొక సెకను

మొన్నొక సాయంత్రం మా అమ్మాయి గోళ్ల రంగు తుడుచుకోవడానికి చిన్న సీసా మూత తీసింది. పక్క గదిలో పేపరు చదువుకుంటున్న నాకు ఆ వాసన తగలగానే చదువుతున్న వార్త మీద ధ్యాస పోయింది. అది అసిటోన్ వాసన. తెగిన ఫిలింను అతికించడానికి మేము వాడిన సిమెంటు వాసన కూడా ఇంచుమించు అదే. బ్లేడుతో ఫిలిం అంచు మీది పొరను గీకి, చిన్న కుంచెతో ఆ సిమెంటు రాసి, రెండు కొసలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే అతుకు పడేది. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని ఒక సినిమా హాలు ప్రొజెక్షన్ గదిలో, అలా అతుకులు వేస్తూ, రీళ్లు చుడుతూ నా యవ్వనంలో కొన్నేళ్లు గడిచాయి. పగలు కాలేజీ, సాయంత్రం మొదటి ఆట నుంచి అక్కడ పని. ఫైట్లు తీయడంలో పేరుపొందిన దర్శకుల పనితనాన్ని నేను చూసిందీ నేర్చుకున్నదీ చాలావరకు ఆ గది గోడకున్న చదరపు రంధ్రంలోంచే.

ఆ గదిలో రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. ఒకదానిలో రీలు అయిపోవస్తుండగా తెర మీద కుడివైపు పై మూలన చిన్న గుండ్రటి గుర్తు మెరుస్తుంది. అది చూసి రెండో మిషను మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్ల తర్వాత రెండో గుర్తు కనిపించగానే తెర మీది బొమ్మను మొదటి మిషను నుంచి రెండోదానికి మారుస్తూ చేంజ్‌ఓవర్ చేయాలి. నేను చేరిన కొత్తలో ఇంకా కార్బన్ దీపాలే ఉండేవి. రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే వెలుగును నల్లద్దంలోంచి చూస్తూ, అవి అరిగే కొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి, లేకపోతే తెర మసకబారి కింద హాల్లో జనం గోల చేసేవారు. గోడకు ఒక చిన్న స్పీకరు ఉండేది గాని, రెండు మిషన్ల రొదలో దాని మాట వినిపించేది కాదు. అందువల్ల మేము ప్రతి సినిమానూ దాదాపు మూగ సినిమాగానే చూసేవాళ్లం. తుపాకీ పేలినా, అద్దాలు పగిలినా, జనం ఈలలు వేసినా మాకు కనిపించేవే తప్ప వినిపించేవి కావు. హీరో మొదటి దెబ్బ కొట్టగానే కింది తరగతి నుంచి విసిరిన కాగితపు ముక్కలు మా వెలుగుపట్టీలోకి లేచి, తెల్లగా మెరుస్తూ కిందికి రాలడం మాత్రం స్పష్టంగా కనిపించేది.

* * *

ఆ గదికి పెద్ద దిక్కు మా ఆపరేటర్ గారు. హాల్లో అందరమూ ఆయనను ఉస్తాద్ అనే పిలిచేవాళ్లం. ఫిలిం మీద వేలిముద్ర కనిపిస్తే ఆయనకు ఒళ్లు మండిపోయేది. రివైండింగ్ బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి ఆయన నేర్పిన మొదటి పాఠం ఒక కొలత. ఫిలిం సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు, నడుస్తుంది. 35 ఎం.ఎం. ఫిలింలో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి. అంటే సెకనుకు అడుగున్నర, సరిగ్గా ఒక మూర. జాన ఫిలిం అర సెకను, బార ఫిలిం నాలుగు సెకన్లు. ఆయన పూలమ్మేవారి మాదిరిగా మోచేతి నుంచి వేలి కొస వరకు ఫిలింను పట్టి చూసి, ఏ షాట్ ఎంతసేపు ఉందో గడియారం అక్కర్లేకుండా చెప్పేవారు.

"ఫైట్ చూసుడు గాదు బేటా, కొలువు. ఎవడు ఎట్ల కోసిండో నీకే ఎరుకైతది," అనేవారు.

వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. అందులో ఫైట్ ఉన్న రీలును బల్ల మీద పెట్టి, బల్బు వెలుగులో మెల్లగా తిప్పుతూ కొలిచే అలవాటు నాకు ఆయన వల్లే వచ్చింది. దర్శకుడి పనితనం అక్కడ దాగదు. కొందరి ఫైట్లలో షాట్‌కు రెండు మూడు మూరల నిడివి ఉండేది, మనిషి తల నుంచి కాలి వరకు ఫ్రేములో కనిపించేవాడు. కొందరివి జానెడు ముక్కలు, వాటిలో ఒక పిడికిలి, ఒక దవడ, ఒక గాలిలో తేలే కాలు. స్లో మోషన్ షాట్ అయితే పక్కపక్క ఫ్రేములు కవల పిల్లల్లాగా ఒకేలా ఉండి, తేడా కనిపెట్టడానికి భూతద్దం కావలసి వచ్చేది.

* * *

ఆదివారం ఉదయం ఆటలకు పాత ప్రింట్లు వచ్చేవి. గీతలు పడి, అతుకులతో నిండి, కొన్ని చోట్ల మనిషి గడప దాటకుండానే గదిలోకి వచ్చేసినట్టు ఎగిరిపడే ప్రింట్లు. అలా వచ్చిన వాటిలో కె.ఎస్.ఆర్. దాస్ గారి కౌబాయ్ సినిమా 'మోసగాళ్ళకు మోసగాడు' ఒకటి. అది 1971 నాటిది. కృష్ణ గారిని గుర్రమెక్కించి, రాజస్థాన్ ఎడారిలో ఇసుక తిన్నెల మీద పరుగెత్తించిన సినిమా. దాస్ గారి ఫైట్లలో నాకు నచ్చింది వేగం. ఒక గొడవ మొదలు కావడానికి ముందు ఆయన ఎక్కువ సేపు ఆగరు. కెమెరా జూమ్‌తో ఒక్కసారిగా ముఖం మీదికి దూకుతుంది, అప్పటికే చెయ్యి తుపాకీ మీద ఉంటుంది. ఆడవారిని ఫైట్లలో హీరోలుగా నిలబెట్టిన దర్శకుడు కూడా ఆయనే. విజయలలిత గారు నాయికగా 'రౌడీ రాణి' తీసింది 1970లో. మహిళా పోలీసు అధికారి కథలు తెలుగునాట జనాదరణ పొందడానికి ఎన్నో ఏళ్ల ముందు మాట అది. ఈ విషయంలో దాస్ గారికి దక్కవలసినంత గౌరవం దక్కలేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇటాలియన్ కౌబాయ్ సినిమాలకు మూలపురుషుల్లో ఒకరైన సెర్జియో లియోనె పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' 1966లో వచ్చిన చిత్రం. చివర శ్మశానంలో ముగ్గురు మనుషులు ఒకరినొకరు గురి చూస్తూ నిలబడే ఘట్టం ఉంది కదా, ఆ రీలును మేమిద్దరం బల్ల మీద పెట్టి కొలిచాం. మొదట మైదానమంతా కనిపించే షాట్లు బారల కొద్దీ ఉన్నాయి. తర్వాత నడుము దాకా, ఆ తర్వాత ముఖాలు, ఆ తర్వాత కళ్లు మాత్రమే. దగ్గరికి వచ్చే కొద్దీ మూర, జాన, బెత్తెడు. తూటా పేలే సమయానికి ముక్కలు వేళ్లతో కొలవవలసినంత చిన్నవయ్యాయి. కాల్పులు క్షణంలో అయిపోతాయి, ఎదురుచూపే ఫైట్ అంతా. ఉస్తాద్ ఆ రీలును మడత పడకుండా ఎంతో జాగ్రత్తగా చుట్టి డబ్బాలో పెట్టారు.

'షోలే' ఎన్నిసార్లు వచ్చినా ఆ హాలు నిండేది. రమేశ్ సిప్పీ అందులో రైలు మీద దాడిని విదేశీ స్టంట్ నిపుణుల సాయంతో తీశారు. అది అందరూ మెచ్చుకునేదే. నన్ను కట్టిపడేసింది మాత్రం ఠాకూర్ కుటుంబాన్ని గబ్బర్ చంపే ఘట్టం. ఒక్కొక్కరూ తూటా తగిలి కూలిపోతుండగా బొమ్మ ఆగిపోతుంది. తెర మీద చూస్తే అది ఒక క్షణం. ఫిలిం మీద చూస్తే ఒకే బొమ్మ, మళ్లీ అదే బొమ్మ, మళ్లీ అదే, మూర పొడవునా ఏమీ మారదు. పక్కన ఊయల షాట్లో మాత్రం ఫ్రేము ఫ్రేముకూ ఊయల కొంచెం జరిగి ఉంటుంది. ఆఖరున పసివాణ్ణి చంపడం మనకు చూపించరు. తుపాకీ పేలుతుంది, వెంటనే రైలు ఇంజను ఆవిరి. ఆ అతుకు దగ్గర నేను ఫిలింను చాలాసేపు పట్టుకుని చూశాను. చూపకుండా వదిలేసిన ఆ ఒక్క షాట్ వల్లే గబ్బర్ అంటే అంత భయం పుట్టిందని నా అభిప్రాయం.

* * *

కొత్త సినిమాలకు కొన్నిసార్లు ఒకే ప్రింటు రెండు హాళ్లకు ఇచ్చేవారు. ఒక హాల్లో అరగంట ముందు ఆట మొదలవుతుంది. అక్కడ రీళ్లు ఆడిన వెంటనే ఒక కుర్రాడు వాటిని సైకిలు వెనక పెట్టుకుని రెండో హాలుకు తెచ్చేవాడు. క్రాస్ రోడ్స్ నుంచి కాచిగూడ వరకు ఆ సైకిళ్లు తిరగని సాయంత్రం ఉండేది కాదు. వానలో చిక్కడపల్లి దగ్గర నీళ్లు నిలిస్తే మా గుండెలు దడదడలాడేవి. రీలు అందకపోతే ఇంటర్వెల్ పొడిగించాలి, స్లైడ్లు వేయాలి, జనాన్ని ఆపాలి. ఒకసారి కుర్రాడు తడిసి ముద్దై, డబ్బాను తన చొక్కాలో చుట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. డబ్బా మీద ఒక్క చుక్క నీరు లేదు. ఉస్తాద్ తన తువ్వాలు తీసి అతని తల తుడిచి, తర్వాత మిషనులో రీలు పెట్టారు.

* * *

1989 అక్టోబరులో రాంగోపాల్ వర్మ తీసిన 'శివ' వచ్చింది. ఆ సినిమాకు ముందు, తర్వాత అని తెలుగు ఫైట్లను విడదీసి మాట్లాడటం అందరికీ అలవాటు. మా గదిలో మాకు అది తెలిసిన తీరు వేరు. అప్పటిదాకా ఫైట్ అంటే ఒక వేళ, ఒక స్థలం. కొబ్బరి బొండాలు, కుండలు, అద్దాల తలుపులు ముందే సిద్ధంగా ఉండేవి, హీరో కొడితే మనిషి సరిగ్గా వాటి మీదే పడేవాడు. 'శివ'లో కాలేజీ ఆవరణ మామూలుగానే ఉంది. కొట్లాటకు కావలసిన వస్తువు అక్కడ నిలబెట్టిన సైకిలులోనే ఉంది. శివ వంగి, చైను పట్టుకుని లాగే షాట్‌ను నేను రివైండ్ చేస్తూ చూశాను. చేతి నరాలు, గ్రీజు మరక, తెగి వచ్చిన చైను. ఆయుధం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత బలం పెడితే వచ్చిందో చూసేవాడికి తెలిసింది. ఆ తర్వాత దెబ్బ ఎంత నొప్పి పుట్టిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

రాంగోపాల్ వర్మ దర్శకుడు కాకముందు అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపారన్న సంగతి నగరంలో అందరికీ తెలిసిందే. క్యాసెట్లు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసే వీలున్న మనిషి ఆయన. మేము రివైండింగ్ బల్ల మీద చేసిందే ఆయన వీడియో మీద చేసి ఉంటారని నాకు అనిపిస్తుంది. స్టెడీకామ్‌తో (కుదుపు లేకుండా కెమెరాను మోసే పరికరం అది) మనిషి వెంట నడిచే ఆ షాట్లు మా కొలతలో బారల కొద్దీ వచ్చేవి. అన్న కూతురిని సైకిలు మీద కూర్చోబెట్టుకుని శివ వెళ్తుంటే శత్రువులు వెంటపడే ఘట్టంలో, ఏ సందు ఎటు తిరుగుతుందో, వాళ్లు ఎంత దూరంలో ఉన్నారో మాటిమాటికీ తెలుస్తూనే ఉంటుంది, అందువల్లే ఊపిరి బిగపట్టి చూస్తాం.

అయితే ఆ సినిమా సగం ప్రాణం శబ్దంలో ఉందని హాల్లోంచి వచ్చిన వారందరూ చెప్పడంతో, ఒక రోజు సెకండ్ షోకు ఉస్తాద్ నన్ను కిందికి పంపారు. గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. అప్పటి సినిమాల్లో పిడికిలి గాలిలో ఉండగానే మొదలయ్యే ఆ డిషుం శబ్దం లేదు. అడుగుల చప్పుడు ఉంది, మౌనం ఉంది, ఆ మౌనంలోంచి ఇళయరాజా గారి సంగీతం లేస్తుంది. ఇన్ని వందల మంది అంత నిశ్శబ్దంగా కూర్చోవడం ఆ హాల్లో నేను అంతకు ముందు వినలేదు.

* * *

ఇంగ్లీషు సినిమాలకు సికింద్రాబాద్ సంగీత్, బషీర్‌బాగ్ స్కైలైన్ పేరు మోసినవి. సెలవు రోజున నేను అక్కడికి ప్రేక్షకుడిగా వెళ్లేవాణ్ణి. జాకీ చాన్ సినిమాలు మాత్రం వీడియోలోనే ఎక్కువగా చూశాను. 'పోలీస్ స్టోరీ'లో, 1985 నాటి సినిమా అది, షాపింగ్ కాంప్లెక్సులో పైఅంతస్తు నుంచి దీపాలు చుట్టిన స్తంభాన్ని పట్టుకుని ఆయన కిందికి జారతాడు. ఆ దూకడాన్ని వేర్వేరు కోణాల నుంచి మళ్లీ మళ్లీ చూపిస్తాడు. డూప్ లేడు, మోసం లేదు, కావాలంటే ఇంకోసారి చూడండి అని చెప్పే పద్ధతి అది. ఆయన కెమెరా దూరంగా నిలబడుతుంది. మనిషి మొత్తం కనిపించాలి, అతని పక్కన కుర్చీ కనిపించాలి, ఆ కుర్చీ తర్వాత ఏమి కాబోతున్నదో మనం ఊహించే లోపే అది అయిపోవాలి.

హాంకాంగ్ దర్శకుడు జాన్ వూ దగ్గరికి వస్తే లోకమే వేరు. రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు, స్లో మోషన్, ఎగిరే పావురాలు. ఇవన్నీ తర్వాత ఎందరో అనుకరించి పలుచన చేశారు గాని, ఆయన వాడినప్పుడు వాటి వెనక ఒక బాధ ఉండేది. స్లో మోషన్ ముక్కలను మామూలు వేగం ముక్కల మధ్య కలిపి కోయడం అంతకు ముందే అమెరికన్ దర్శకుడు శామ్ పెకింపా 1969లో 'ది వైల్డ్ బంచ్'లో చేసి చూపించారు. పెకింపా చేతిలో అది చావు ఎంత వికారంగా ఉంటుందో చెప్పింది. వూ చేతిలో అదే పద్ధతి వీడ్కోలు చెప్పడంలా మారింది. 1997 నాటి 'ఫేస్ ఆఫ్'లో ఒక పసివాడి చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. చుట్టూ కాల్పులు జరుగుతుంటాయి, మనకు మాత్రం ఆ పిల్లవాడు వింటున్న పాట ఒక్కటే వినిపిస్తుంది. ఏళ్ల తరబడి శబ్దం లేకుండా కాల్పులు చూసిన నాకు ఆ ఘట్టం ఎంత దగ్గరగా తగిలిందో చెప్పలేను. అదే సినిమాలో ఒకరి ముఖం ఒకరు మార్చుకున్న ఇద్దరు శత్రువులు అద్దానికి అటూ ఇటూ నిలబడి, తమ ప్రతిబింబంలోనే ఎదుటివాడి ముఖాన్ని గురి చూస్తారు. కథంతా ఆ ఒక్క ఫ్రేములో ఉంది.

'డై హార్డ్' తీసిన జాన్ మెక్‌టియర్నన్ పేరు మన దగ్గర అంతగా వినిపించదు. ఒక్క భవనం, ఒక్క రాత్రి. సినిమా అయ్యేసరికి ఏ అంతస్తులో ఏముందో మనకు మన ఇల్లంత తెలుస్తుంది. 1988లో ఆ సినిమాకు కెమెరా పట్టిన యాన్ డి బాంట్ తర్వాత 'స్పీడ్' తీశారు. అందులో బస్సులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

* * *

తొంభైల చివర మా తెర నిండా ఫ్యాక్షన్ సినిమాల సుమో బళ్లు వచ్చాయి. బి. గోపాల్ గారి 'సమరసింహా రెడ్డి' 1999లో, 'నరసింహ నాయుడు' 2001లో. ఈ సినిమాలను పై గదిలోంచి చూస్తే సగమే చూసినట్టు. గోపాల్ గారు ఫైట్‌ను మాటతో మొదలుపెడతారు. హీరో నిలబడతాడు, కెమెరా కింది నుంచి మెల్లగా పైకి లేస్తుంది, మాట పూర్తయిన తర్వాతే చెయ్యి లేస్తుంది. మాకు పెదవులు కదలడం, ఆ వెంటనే వెలుగుపట్టీ నిండా కాగితాలు ఎగరడం మాత్రమే కనిపించేవి. జనం దెబ్బకు ముందే లేచి నిలబడేవారు. అంటే దెబ్బ అప్పటికే పడిపోయింది. పద్యం చదివి శరాన్ని సంధించే మన పౌరాణిక నాటకాల సంప్రదాయమే అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నాకు పేచీ ఉంది.

* * *

ఫిలిం క్లబ్ ప్రదర్శనలో కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్' చూసిన మరునాడు, ఆట మొదలయ్యే ముందు ఇరానీ హోటల్లో ఉస్తాద్‌కు ఆ కథ చెప్పాను. 1954 నాటి జపాను సినిమా, మూడున్నర గంటలకు దగ్గరగా ఉంటుంది. ఒక ఊరిని బందిపోట్ల నుంచి ఏడుగురు యోధులు కాపాడతారు. చివరి పోరు వానలో, బురదలో. ఒకే ఘట్టాన్ని ఒకేసారి పలు కెమెరాలతో తీశారాయన. ఇవన్నీ చెబుతుంటే ఉస్తాద్ చాయ్ సాసర్లో పోసుకుని మౌనంగా వింటున్నారు. యోధుల నాయకుడు కాగితం మీద బందిపోట్లకు గుర్తుగా సున్నాలు గీసుకుని, ఒక్కొక్కడు చచ్చినప్పుడల్లా ఒక్కొక్క సున్నాను కొట్టేస్తాడని చెప్పగానే ఆయన సాసరు కింద పెట్టారు.

"అంటే ఎంతమంది మిగిలిండ్రో చూసెటోనికి ఎరుకేనా?"

"తెలుస్తుంది ఉస్తాద్, ప్రతిసారీ తెలుస్తుంది."

"గదీ సినిమా," అన్నారు. ఆ సినిమాను ఆయనకు చూపించాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ ప్రింటు మళ్లీ మా నగరానికి వచ్చిన సంగతి నాకు తెలిసే లోపే నేను వేరే ఉద్యోగంలో చేరిపోయాను, ఆయనకు చూపు మందగించింది.

* * *

తర్వాత డిజిటల్ వచ్చింది. రీళ్లు, సైకిలు కుర్రాళ్లు, సిమెంటు సీసా, గుండ్రటి గుర్తులు అన్నీ వెళ్లిపోయాయి. సంగీత్ లేదు, ఓడియన్ కూల్చేశారు, సుదర్శన్ 70 ఎం.ఎం. లేదు. ఉస్తాద్ కూడా కొన్నేళ్ల కిందట కన్నుమూశారు.

కొలిచి చూసే అలవాటు మాత్రం నన్ను వదలలేదు. 2015లో జార్జ్ మిల్లర్ తీసిన 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' చూసినప్పుడు, జానకన్నా చిన్న ముక్కలు వరసగా పడుతున్నా కన్ను ఎక్కడా తడబడకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. రెండు గంటల సినిమాలో సుమారు 2,700 షాట్లు. రహస్యం ఏమిటంటే, చూడవలసిన వస్తువును ఆయన దాదాపు ప్రతి షాట్లోనూ ఫ్రేము నడుమనే ఉంచారు. షాట్ మారినా చూపు కదలనక్కర్లేదు. దాన్ని కూర్చిన మార్గరెట్ సిక్సెల్‌కు ఎడిటింగ్ ఆస్కార్ వచ్చింది. చిన్న ముక్కలంటే ఉస్తాద్‌కు గిట్టేవి కావు, ఈ సినిమా మీద ఆయనతో గంటల కొద్దీ వాదించి ఉండేవాణ్ణి.

రాజమౌళి గారు దర్శకుడు కాకముందు కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గర ఎడిటింగ్ నేర్చుకున్నారు. ఆ బల్ల దగ్గరి శిక్షణ ఆయన ఫైట్లలో నాకు కనిపిస్తూనే ఉంటుంది. 'మగధీర'లో వంద మందితో పోరు పెట్టినా, ఇరుకు దారి ఎంచుకుని, ఆ వంద ఎలా తగ్గుతున్నదో చూసేవాడికి లెక్క అప్పజెబుతారు. 'ఆర్ఆర్ఆర్' విడుదలైనప్పుడు మా అమ్మాయితో కలిసి సుదర్శన్ 35 ఎం.ఎం.కు వెళ్లాను. వంతెన మీద రైలు మంటల్లో ఉంది, కింద నదిలో పిల్లవాడు చిక్కుకున్నాడు, ఒకరికొకరు తెలియని ఇద్దరు మనుషులు దూరం నుంచే చేతి సైగలతో పథకం వేసుకుంటారు. ఒకరు గుర్రం మీద, ఒకరు మోటారు సైకిలు మీద వంతెన ఎక్కుతారు. వారిద్దరి మధ్య ఒక్క మాట లేదు. నేను రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని ఆ ఘట్టం చూశాను. తాడు దేనికో తెలిసింది, ఎవరు ఎటు దూకుతారో తెలిసింది, పిల్లవాడు ఎక్కడున్నాడో ఏ క్షణంలోనూ సందేహం రాలేదు.

బయటికి వచ్చాక, వంతెన కింద ఇద్దరూ చేతులు పట్టుకునే స్లో మోషన్ షాట్‌ను ఇంకో రెండు మూరలు తగ్గిస్తే బాగుండేదని అన్నాను. "లేదు నాన్నా, అది అంతసేపు ఉండాల్సిందే, అప్పుడే కదా వాళ్లు ఒకరినొకరు మొదటిసారి సరిగ్గా చూసుకునేది," అంది మా అమ్మాయి. నారాయణగూడ దాకా నడుస్తూ దాని మీదే మాట్లాడుకున్నాం. ఇద్దరం ఎవరి మాట వాళ్లు వదల్లేదు.